చిన్నబ్బ తల ఏ దిక్కుకు

కొత్తమిట్ట, నగరి దగ్గర
ఫిబ్రవరి 3

తమ్ముడు విజయ్ కుమార్‌కు అక్క నాగులమ్మ చెప్పి రాయిస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. నువ్వూ మరదలు కృపారాణీ బాగున్నారనే అనుకుంటాను. బాగాలేకపోతే నువ్వు ఈపాటికి పది కాగితాలు రాసి ఉండేవాడివి. ఫోను చేద్దామంటే నీ చెవులు పనిచేయవు. పోయినసారి అరగంట అరిచాను. నువ్వు తప్ప ఊరంతా విన్నది. అందుకే అంగన్‌వాడీ టీచరు భానుప్రియను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నేను మాట్లాడేది ఒక తీరు, ఈమె రాసేది బడి తెలుగు. మాట మార్చినా పరవాలేదు, కోపం మాత్రం తగ్గించవద్దని చెప్పాను.

సంగతి ఇది. తిరుపతి నుంచి చెన్నైకి పోయే రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మన సమాధుల తోటలో రోడ్డు పక్కనున్న రెండు వరుసలు దాని కిందికి పోతాయట. రాళ్ల మీద పసుపు రంగుతో అంకెలు వేసి పోయారు. మీ బావది ఇరవై ఏడు. పక్కన అంత రాయి ఖాళీగా ఉన్నా, చిన్నబ్బ అని చెక్కిన పేరు మీదనే వేశారు. మార్చి ఆఖరులోగా ఎవరి మనుషులను వాళ్లు తీసుకొని, గుట్ట పక్కన ఇచ్చిన కొత్త స్థలంలో పూడ్చుకోవాలి.

సరే తీద్దామని ధనంజయ అయ్యగారి దగ్గరికి పోయాను. మన గుడికి ఇప్పుడున్న పాస్టరు ఆయనే. ప్రభువు వెయ్యేండ్లు ఏలుతాడని బైబిల్లో ఉన్నది లెక్క కాదమ్మా, ఇప్పుడు నడుస్తున్న కాలానికే ఆ పేరు, ప్రభువు ఒక్కసారే వస్తాడు, అందరూ ఒక్కసారే లేస్తారు, తీసి మళ్లీ తల పడమరకూ కాళ్లు తూర్పుకూ పెట్టి మర్యాదగా పూడ్చండి అన్నారు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు, లేచి కూర్చుంటే ఎదురుగా కనబడతాడు. మన పెద్దలు పెట్టిన పద్ధతి అదే గదా. నాకూ నచ్చింది.

ఇంటికి వచ్చేలోపల రూపేష్ బ్రదర్ దారిలో పట్టుకున్నాడు. పాత మరమగ్గాల షెడ్డులో కొత్తగా ప్రార్థన పెట్టుకున్నాడే, ఆ మనిషి. తీయకూడదంటాడు. సంఘం ఎత్తబడే రోజు, అంటే నమ్మినవాళ్లను ప్రభువు పైకి తీసుకుపోయే రోజు, ఈ ఏడాదే, క్రీస్తునందు చనిపోయినవాళ్లు ముందు లేస్తారు, జేసీబీ వచ్చేలోపల సమాధులు వాటంతట అవే ఖాళీ అవుతాయి, తవ్వించేవాళ్లకు విశ్వాసం లేనట్టేనని అంటాడు. ఆయన మాట విని పదకొండు ఇళ్లవాళ్లు రోడ్డు ఆఫీసు కాగితం మీద సంతకం పెట్టలేదు. ఒకే వీధిలో రెండు రాకడలు. కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు కూడా పక్కపక్కన పెట్టుకోవడం లేదు.

నువ్వు హెడ్మాస్టరుగా రిటైరైనవాడివి. ఆరేళ్లుగా అంత్యదినాల చదువు చదువుతున్నావని మరదలు చెప్పింది. అందుకని రెండే ప్రశ్నలు అడుగుతున్నాను. తీయాలా, వద్దా? తీస్తే, లేచే రోజు మీ బావ ప్రభువు ముఖం చూడాలంటే ఎలా పడుకోబెట్టాలి? ఆయన పక్కన నాకు చోటు అడిగి పెట్టుకున్నాను కాబట్టి ఇది నా సంగతి కూడా.

మీ బావ పోయిన రోజు దగ్గరుండి పూడ్పించింది నువ్వే. నన్ను ఆడవాళ్లు ఇంట్లో పట్టుకొని కూర్చున్నారు. పద్నాలుగేళ్లయినా, ఆ వానలో నువ్వు పడిన పాటు నేను మరచిపోలేదు.

జవాబుకు ఒక్క కాగితం చాలు.

నీ అక్క (వేలిముద్ర కింద ఉంది)


సూళ్లూరుపేట
ఫిబ్రవరి 19

పూజ్యురాలైన అక్కకు విజయ్ కుమార్ వందనాలు.

నీ ఉత్తరం చూసి సంతోషించాను. నీ ప్రశ్నలు చిన్నవి కావు. పెద్ద పెద్ద పండితులే వాటి దగ్గర విడిపోయారు. అందుకని మొదటి నుంచీ చెబుతాను, ఓపికగా విను.

మేం ఎనిమిది మంది రిటైరైనవాళ్లం ప్రతి శనివారం మా ఇంట్లో కూర్చొని బైబిల్లో చివరిదైన ప్రకటన గ్రంథం చదువుతాం. గోడకు అయిదు గజాల గుడ్డ కట్టాను. ఆదాము నుంచి నిత్యత్వం దాకా దాని మీద గీతలు గీశాను. ఇరవయ్యో అధ్యాయంలో వెయ్యి సంవత్సరాలు అనే మాట ఆరుసార్లు వస్తుంది. గొడవంతా అక్కడే. ప్రభువు ఆ వెయ్యేండ్లకు ముందు వస్తాడని కొందరు అంటారు. మీ రూపేష్ ఆ గుంపువాడే. కానీ ఆ గుంపులోనూ ఒకమాట లేదు. ఏడేండ్ల మహా శ్రమలకు ముందే సంఘం రహస్యంగా ఎత్తబడుతుందని కొందరు, శ్రమలన్నీ పడిన తర్వాతే అని కొందరు. ఇంకో గుంపు ఉంది. సువార్త లోకమంతా వ్యాపించి, లోకం మెల్లమెల్లగా మంచిదై, ఆ మంచి కాలం పూర్తయ్యాక ప్రభువు వస్తాడని వాళ్ల నమ్మకం. మీ ధనంజయ అయ్యగారిది మూడో దారి. ఆ సంఖ్య ఒక గుర్తు మాత్రమే, పరలోకంలో ఆ పాలన ఇప్పుడే నడుస్తున్నదని.

ముగ్గురి దగ్గరా వాక్యం ఉంది. ముగ్గురూ భక్తిపరులే. నేను మొదట మొదటి గుంపులో ఉండి, తర్వాత మూడో దాని వైపు వెళ్లి, ఇప్పుడు మధ్యలో ఉన్నాను.

ఇక్కడ రాకెట్ ఎగిరినప్పుడల్లా కిటికీలు అదురుతాయి. మేం కొత్తగా వచ్చినప్పుడు ఆ శబ్దం విని కృపారాణి ప్రభువు రాకడకు ఊదే కడబూర మోగిందనుకొని, పొయ్యి మీద పాలు వదిలేసి మోకాళ్లూనింది. పాలు పొంగిపోయాయి. ఆ మాట చెప్పుకొని ఇప్పటికీ నవ్వుకుంటాం. కానీ ఆ నిమిషంలో ఆమె ముఖంలో భయం లేదక్కా, సంతోషం ఉంది. రాకడ గురించి నాకు తెలిసిన మంచి పాఠం అదే.

(ఇక్కడ దానియేలు ప్రవక్త లెక్క చెప్పిన డెబ్బై వారాల మీద మూడు కాగితాలు విడిగా జతచేశాను. భానుప్రియ గారిని నిదానంగా చదివి వినిపించమను.)

నీ రెండు ప్రశ్నలకు జవాబు ఇరవయ్యో అధ్యాయం పూర్తయితే గానీ రాదు. మేం ప్రస్తుతం నాలుగో వచనంలో ఉన్నాం. అంతవరకు బావ సమాధి తెరవవద్దు. ఎవరు తొందరపెట్టినా తెరవవద్దు. రోడ్లవాళ్లు గడువులు చెబుతూనే ఉంటారు, పొడిగిస్తూనే ఉంటారు.

నీ తమ్ముడు
విజయ్ కుమార్


కొత్తమిట్ట
మార్చి 4

తమ్ముడా,

నీ కాగితాలు తొమ్మిది వచ్చాయి. భానుప్రియ చదివి చదివి రెండు చెంబుల నీళ్లు తాగింది. ఆమె మన మతం కాదు, అయినా దానియేలు వారాలు మొత్తం చదివింది పాపం. చదివాక, మీ బావ సంగతి ఎన్నిసార్లు వచ్చిందో చూడమన్నాను. ఒక్కసారి. అదీ తెరవవద్దని చెప్పడానికి.

నువ్వు చదివితే నేను చదవకూడదా? ఆ ఇరవయ్యో అధ్యాయం భానుప్రియ చేత నాలుగుసార్లు చదివించుకున్నాను. మంగళవారం రూపేష్ షెడ్డులో కూర్చున్నాను, బుధవారం గుడిలో కూర్చున్నాను. ఇద్దరూ చెప్పింది విన్నాను. విన్నాక అడగాలా వద్దా?

రూపేష్‌ను నలుగురిలో అడిగాను. "నాయనా, ఈ ఏడే ఎత్తబడేటట్టయితే షెడ్డుకు కొత్త రేకులు యాల ఏసినావు?" అన్నాను. ఆ మనిషి తడుముకోలేదు. "మిగిలిపొయ్యేటోళ్లకు నీడ కావల్ల గదమ్మా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, తొందరగలవాడు.

తర్వాత అయ్యగారిని అడిగాను. "వెయ్యేండ్లు లెక్క కాదంటిరే, మరి మూడోనాడు లేచినాడనేది మాత్రం లెక్కేనా అయ్యా?" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది పెద్ద చదువమ్మా అన్నారు. చిన్న చదువు అడిగినా ఆయన ఇదే అంటారు.

ఇక నీ రెండో గుంపు, లోకం మెల్లమెల్లగా మంచిదవుతుందనేవాళ్లు. వాళ్లను ఒక్క పూట మా వీధి కొళాయి దగ్గరికి పంపించు.

మీ రాకెట్‌వాళ్లు గంటా నిమిషమూ చెప్పి కూడా ఒక్కోసారి చివరిలో ఆపుకుంటారు. పరికరాలు పెట్టుకున్నవాళ్లకే అంత జాగ్రత్త ఉంటే, వీళ్లకు ఈ ఏడాదే అని చెప్పే ధైర్యం ఎక్కడిది? నాకు డెబ్బై ఆరేళ్లు. ముందు వచ్చినా, తర్వాత వచ్చినా, ఆయన వచ్చేలోపల నేను పోతాను. నాకు కావలసింది మీ బావ సంగతి.

నీకు గుర్తు చేయాల్సిన పని లేదు, అయినా చేస్తాను. పదకొండేళ్లు ఈ గుడికి అయ్యగారు లేరు. మిషనువాళ్లు ఒకరినీ పంపలేదు. ఆ పదకొండేళ్లూ షిఫ్టు దిగి, నూలు దుమ్ము తలతోనే పోయి గంట కొట్టింది ఎవరు? అక్షరం రాకపోయినా కీర్తనలు నోటికి చెప్పింది ఎవరు? పసిపిల్లలు పోతే చేతుల మీద మోసుకుపోయి పూడ్చింది ఎవరు? వచ్చిన నలుగురినీ చెదిరిపోకుండా పట్టుకున్న మనిషి, ప్రభువు వచ్చే రోజు నేరుగా ఆయన ముఖం చూడాలా వద్దా? ఇదీ నేనడిగింది. ఇందులో దానియేలు ఎందుకు వచ్చాడు?

వచ్చి నీ కళ్లతో చూసి, నీ నోటితో చెప్పు. సూళ్లూరుపేట ఏమన్నా సముద్రం అవతల ఉందా?

నాగులమ్మ


సూళ్లూరుపేట
మార్చి 16

అక్కకు,

నీ కోపం న్యాయమే. రావాలనే ఉంది, మోకాలు సహకరించడం లేదు. బస్సు మెట్టు ఎక్కలేకపోతున్నాను.

మేం అయిదో వచనానికి వచ్చాం. మృతులలో కడమవారు, అంటే మిగిలినవాళ్లు, వెయ్యేండ్లు ముగిసేదాకా లేవలేదని ఉంది అక్కడ. అంటే పునరుత్థానాలు రెండా, ఒకటా? మొన్న శనివారం ఈ మాట మీద మా ఎనిమిది మందిలో ఇద్దరు టీ తాగకుండానే వెళ్లిపోయారు.

నువ్వడిగిన దిక్కు సంగతి కూడా వెదికాను. మెరుపు తూర్పున పుట్టి పడమటి దాకా కనబడినట్టు ఆయన రాకడ ఉంటుందని ఒక్క మాట ఉంది. మనవాళ్లు దాన్ని పట్టుకొని తల పడమరకు పెడతారు. ఇలాగే పూడ్చాలని ఆజ్ఞ మాత్రం ఎక్కడా లేదు. ఏ గుంపువాళ్లూ చూపించలేరు. కాబట్టి దిక్కు గురించి నువ్వు అంతగా మనసు పాడుచేసుకోవద్దు.

ఒక్క సంగతి బతిమాలుకుంటున్నాను. నేను లేకుండా బావ సమాధి తెరవనివ్వకు. ఈస్టర్ వెళ్లిన వెంటనే వస్తాను. దానికి కారణం ఉంది. అది కాగితం మీద రాసేది కాదు, ఎదురుగా కూర్చొని చెప్పేది. అక్కడిదాకా ఓపిక పట్టు.

నీ తమ్ముడు
విజయ్ కుమార్


కొత్తమిట్ట
ఏప్రిల్ 2

విజయ్ కుమార్‌కు,

తెరిచాం.

ఈస్టర్ దాకా రోడ్డు ఆగలేదు. శుక్రవారం జేసీబీ వచ్చింది. రూపేష్ మనుషులు సమాధుల మధ్య కూర్చొని పాటలు పాడారు. జేసీబీ డ్రైవరు కాసేపు చూసి, అతనూ నీడకు కూర్చొని పెరుగన్నం తిన్నాడు. మధ్యాహ్నానికి పాడేవాళ్ల గొంతులు పోయాయి. ఎవరూ ఎత్తబడలేదు. సాయంత్రానికి పదకొండు ఇళ్లవాళ్లూ సంతకాలు పెట్టారు. రూపేష్ కూడా ఒక పార తీసుకొని ముసలివాళ్లకు సాయం చేశాడు, ఆ మాట చెప్పాలి.

సోమవారం మన వంతు. గోతులు తవ్వే వెంకటముని సిలువ నిలబెట్టిన పడమటి కొస నుంచి మొదలుపెట్టాడు, తల అక్కడే కదా ఉంటుందని. జానెడు జానెడుగా తీశాడు. తల దొరకలేదు. పాదాల ఎముకలు దొరికాయి. వాడు లేచి నిలబడి నా వైపు చూడకుండా, "పెద్దమ్మా, తల ఈడ లేదు. ఆ పక్క ఉండాది" అన్నాడు.

తూర్పు కొసన ఉంది తల. పద్నాలుగేళ్లు మీ బావ వెనక్కి తిరిగి పడుకొని ఉన్నాడు. ప్రతి ఈస్టర్‌కూ నేను కొవ్వొత్తి వెలిగించింది, కనకాంబరాలు పెట్టింది, ఇంటి సంగతులన్నీ కూర్చొని చెప్పుకున్నది ఆయన కాళ్లకు.

చుట్టూ ఉన్నవాళ్లంతా వెనక్కి జరిగారు. పిల్లప్పుడు మీ బావ చేత పలక మీద సిలువ గీయించుకున్నవాళ్లు కూడా. రూపేష్ మెల్లగా, ఇది ఏమైనా సంకేతమేమో ప్రార్థన చేద్దామమ్మా అన్నాడు. అయ్యగారు, పొరపాటు జరిగింది, ప్రభువు పొరపాట్లు చూడడు అన్నారు. ప్రభువు చూడకపోతే మానె, నేను చూశాను కదా. మీ బావ తలను నా కొంగులో పెట్టుకొని కొత్త స్థలం దాకా నేనే నడిచాను. ఎవరికీ ఇవ్వలేదు. ఎండు సొరకాయంత బరువు కూడా లేడు.

కొత్త గోతిలో దగ్గరుండి తల పడమరకు, కాళ్లు తూర్పుకు పెట్టించాను. సూర్యుడు ఏ పక్క పుడతాడో వెంకటముని చేత రెండుసార్లు చెప్పించుకొని మరీ పెట్టించాను. నిన్న పైన సిమెంటు పలక కూడా వేయించాను. ఇక ఎవరూ తిప్పలేరు.

నువ్వు దగ్గరుండి చేసిన పని ఇది. పెట్టెకు తల ఏ కొసనో తెలియనివాడివి, లోకానికి అంతం ఏ కొసనో చెప్పడానికి అయిదు గజాల గుడ్డ కట్టావు. తెరవవద్దు తెరవవద్దని ఎందుకన్నావో ఇప్పుడు తెలిసింది. నీ తప్పు బయటపడుతుందని.

ఈస్టర్‌కు రావద్దు. మోకాలు బాగైనా రావద్దు.

నాగులమ్మ


సూళ్లూరుపేట
ఏప్రిల్ 7

అక్కా,

తప్పు కాదు. తెలిసే చేశాను.

పాత తోటలో వేపచెట్టు కింద మొదటి కాలపు అయ్యగార్లవి రెండు సమాధులు ఉండేవి, నీకు తెలుసు. వాళ్లిద్దరినీ మాత్రం తలలు తూర్పుకు, కాళ్లు పడమరకు పెట్టారు. లేచే రోజున కాపరి తన మందకు ఎదురుగా లేవాలని. మందంతా ప్రభువు వైపు చూస్తూ లేస్తుంది, కాపరి మందను చూస్తూ లేస్తాడు. చిన్నప్పుడు నాయన నాకు చూపించి చెప్పాడు.

బావ పోయిన రోజు ఉదయం సంఘ పెద్ద మునిరామయ్యను అడిగాను, చిన్నబ్బ బావను అలా పెడదామని. ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "ఆయప్ప తలమీద చేతులుంచినోళ్లెవురు? మగ్గం తోలినోడికి అయ్యగారి దిక్కా?" అన్నాడు. చేతులుంచి పాస్టరుగా నియమించినవాడు కాదని ఆయన మాట. పక్కనున్నవాళ్లు తలలూపారు. నీకు చెబితే ఆ దుఃఖంలో నువ్వు వాళ్లతో తగవుకు దిగుతావని చెప్పలేదు.

మన ఊళ్లో పెట్టెను కాళ్లు ముందుగా మోసుకుపోతారు. పడమటి గేటు నుంచి పోతే కాళ్లు తూర్పుకు పడతాయి. వాన పడుతున్నది. గేటు దగ్గర బురద అని చెప్పి మోసేవాళ్లను గోడ చుట్టూ తిప్పి, తూర్పు గండి నుంచి లోపలికి తెచ్చాను. కాళ్లు పడమరకు పడ్డాయి. పలకల పెట్టె, రెండు కొసలూ ఒకటే వెడల్పు. పెద్దలు గొడుగుల కింద తలలు వంచుకొని ఉన్నారు. ఎవరూ గమనించలేదు. సిలువ మాత్రం వాళ్లు అలవాటుగా పడమటి కొసనే పెట్టారు. నేను అడ్డం చెప్పలేదు.

ఇంకొకటి ఉంది. గుడికి అయ్యగారు లేకుండా పోయినప్పుడు సంఘం మొదట అడిగింది బావను కాదు, నన్ను. చదువుకున్నవాడిని నేనొక్కడినే. ట్రాన్స్‌ఫర్ వచ్చిందని చెప్పి సూళ్లూరుపేటకు వచ్చేశాను. అది రాలేదక్కా. నేను అడిగి వేయించుకున్నాను. నేను చేయవలసిన పదకొండేళ్లు బావ చేశాడు, ఒక్కసారి కూడా నన్ను ఆ మాట అనలేదు. నేను ఆయనకు తిరిగి ఇచ్చింది ఆ తూర్పు దిక్కు ఒక్కటే.

ఈ చదువు మొదలుపెట్టింది కూడా అందుకే. అబద్ధమాడి ఒక మనిషిని అయ్యగారిలాగా పడుకోబెట్టాను, అది ఒప్పో కాదో ఏదో ఒక గుంపువాళ్లయినా చెబుతారని. ఆరేళ్లు చదివాను. ముందనేవాళ్లూ, తర్వాతనేవాళ్లూ, లెక్కే కాదనేవాళ్లూ, ఒక్కరూ చెప్పలేదు.

విజయ్ కుమార్


కొత్తమిట్ట
ఏప్రిల్ 23

తమ్ముడా,

ఇన్ని నెలలకు ఒక్క కాగితం పంపావు. ఒక్క కాగితంలో చెప్పగలిగిన సంగతికి ముందు అన్ని కాగితాలు దేనికి పంపినట్టు? దానియేలు పక్కన ఒక్క వాక్యం పెట్టి ఉంటే మీ బావను నేను తిప్పించేదాన్ని కాదు. పద్నాలుగేళ్లు నాకు చెప్పకుండా దాచావు. చెప్పి ఉంటే ఆ పద్నాలుగేళ్లూ నేను తల పైకెత్తుకొని ఆ తోటలో నడిచేదాన్ని. ఇది రాయిస్తుంటే మళ్లీ ఒళ్లు మండుతున్నది, కాబట్టి ఇంతటితో వదిలేస్తాను.

ట్రాన్స్‌ఫర్ సంగతి మీ బావకు తెలుసు. ఎప్పుడు తెలుసుకున్నాడో నేను అడగలేదు. ఒకసారి నేను నిన్ను తిడుతుంటే, "చదువుకున్నోడికి బయమెక్కువ, వాణ్ణి ఏమనాకు" అన్నాడు. అంతే.

ఈస్టర్ ఆదివారం గుడిలో సాక్ష్యాలు చెప్పే వేళ నేను లేచాను. నీ ఉత్తరం భానుప్రియ చేత మొత్తం చదివించాను. ఆమె మొదటిసారి మన గుడికి వచ్చింది, అదీ దీనికోసం. మునిరామయ్య ముందు వరుసలోనే ఉన్నాడు. తొంభైకి దగ్గరపడ్డాడు. చదవడం అయ్యేదాకా కర్ర మీద గడ్డం ఆనించుకొని విన్నాడు. తర్వాత ఎవరినీ చూడకుండా, "మా మనవణ్ణి పూడ్చింది ఆయప్పే" అన్నాడు. నాకు అది చాలలేదు గానీ, ఆయన వయసుకు అంత దూరం రావడమే ఎక్కువ.

మళ్లీ తిప్పుదామని వెంకటమునిని అడిగాను. పలక పగలగొట్టాలి పెద్దమ్మా అన్నాడు. ఇంటికి వచ్చి ఆలోచించుకున్నాను. బతికినన్నాళ్లు ఆయనను నేను ఇటు తిప్పి అటు తిప్పింది చాలు. పోయాక కూడా రెండుసార్లు తిప్పితే మీ బావ ఊరుకుంటాడేమో గానీ నాకే బాగుండదు. ఆయనను అలాగే ఉండనీ.

అందుకని ఆయన పక్కన నేను అడిగి పెట్టుకున్న చోటు వదిలేశాను. ఆయన కాళ్ల అవతల, తూర్పున ఉన్న చోటు తీసుకున్నాను. నన్ను తల తూర్పుకు, కాళ్లు పడమరకు పెట్టాలి. ఆయన కాళ్లూ నా కాళ్లూ ఎదురెదురుగా ఉండాలి. లేచి కూర్చుంటే ముఖాలూ ఎదురెదురుగా ఉంటాయి.

ధనంజయ అయ్యగారు ఒప్పుకోలేదు. అది కాపరులకు చేసే మర్యాద, ఆడవాళ్లకు ఎక్కడా చేయలేదమ్మా అన్నారు. నేను, "కాపరి మందను సూసుకుంటా లేస్తాడు గదయ్యా. నా మంద ఆయప్పొకడే. నేను ఆయప్పను సూసుకుంటా లేస్తా" అన్నాను. ఆయన మళ్లీ కళ్లజోడు తుడుచుకున్నారు. రూపేష్ మాత్రం తన మనుషులను నలుగురిని మోయడానికి పంపుతానన్నాడు. అప్పటికి మీరంతా ఉంటారా బ్రదరూ అని అడిగితే నవ్వాడు. ఇప్పుడు వచ్చే ఏడాది అంటున్నాడు.

కాబట్టి నీకు పని ఉంది. నువ్వు నాకంటే తర్వాత పోవాలి. మోకాలికి ఏ మందు రాయాలో ఆ మందు రాసుకో, బస్సు మెట్టు ఎక్కడం నేర్చుకో. నా పెట్టెను నువ్వే నడిపించాలి. ఈసారి బురద అని చెప్పి గోడ చుట్టూ తిప్పవద్దు. అందరూ చూస్తుండగా, ఇది నాగులమ్మ అడిగింది అని గట్టిగా చెప్పి పెట్టించాలి. వెయ్యేండ్లు ముందో వెనకో మీ ఎనిమిది మందీ టీ తాగుతూ తేల్చుకోండి. ఆ ఇద్దరినీ మళ్లీ పిలుచుకో.

ఇంతా చెప్పాక భానుప్రియ కలం ఆపి ఒక మాట అడిగింది. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు కదా అవ్వా, అలా పడుకుంటే నీ వెనక నుంచి వస్తాడే, నీకెలా తెలుస్తుందని. అయ్యగారికీ రూపేష్‌కూ తట్టని ప్రశ్న ఈ పిల్లకు తట్టింది. దానికి నేను చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను, బడి తెలుగులోకి మార్చవద్దని.

"ఆయప్ప మొగం సూస్తే తెల్దా నాకు?"

నీ అక్క
నాగులమ్మ